కోర్టులు మూతపడ్డ కాలంలో పెండింగ్ కేసులు

కోవిడ్ కాలంలో భారతదేశంలో కోర్టులు పూర్తిగా మూతపడిన రోజంటూ లేదు. మూతపడింది కోర్టు హాలు. సుప్రీంకోర్టు 2020 మార్చి 13న సర్క్యులర్ ఇచ్చి, 16వ తేదీ నుంచి అత్యవసరమైన కేసులే వింటామంది. మార్చి 23న న్యాయవాదులు, కక్షిదారులు ఎదుట నిలబడే విచారణలను ఆపేసి వీడియో విచారణకు మారింది. న్యాయవాదుల చాంబర్లకూ తాళాలు పడ్డాయి. 25వ తేదీ నుంచి దేశమంతా లాక్‌డౌన్. సుప్రీంకోర్టు వెనకే హైకోర్టులు, వాటి వెనకే జిల్లా కోర్టులు, చివరికి చిన్న ఊళ్లలోని జూనియర్ సివిల్ జడ్జి కోర్టులు కూడా అదే దారి పట్టాయి. ఆ తర్వాత రెండేళ్లపాటు తలుపులు తెరుచుకోవడం, మళ్లీ మూసుకోవడమే. 2021 ఏప్రిల్‌లో రెండో వేవ్ వచ్చింది. ఒమిక్రాన్ వల్ల 2022 జనవరి 3 నుంచి సుప్రీంకోర్టు మరోసారి తెర మీదికి వెళ్లింది. అక్కడ విచారణలు పూర్తిగా మామూలు పద్ధతికి వచ్చింది 2022 ఏప్రిల్ 4న.

ఈ రెండేళ్లను ఒక సెలవుగా లెక్కగడితే అసలు విషయం కనబడదు. కేసులో ఉన్న మనిషికి కాలం ఒకే రకంగా నడవదు. దావా వేయడానికి, అప్పీలు చేసుకోవడానికి చట్టం పెట్టిన గడువు కాగితం మీది కాలం. కోర్టు ఒక్క ఉత్తర్వుతో దాన్ని ఆపగలదు, ఆపింది కూడా. జైల్లో గడిచే రోజు, అప్పు మీద పెరిగే వడ్డీ, తండ్రిని చూడకుండా పెరిగే పిల్ల, సాక్షి మనసులో చెరిగిపోయే జ్ఞాపకం ఏ ఉత్తర్వుకూ ఆగేవి కావు. మూసివేత ఎవరికి ఎంత నష్టం చేసిందన్నది వారి కేసు ఈ రెండు కాలాల్లో దేనితో ముడిపడి ఉందన్న దాని మీదే ఆధారపడింది.

పెండింగ్ కేసంటే వాయిదాల వరస. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో ఏ పాత దావా నంబరు కొట్టినా ఆ వరస కనబడుతుంది: ఒక తేదీ, ఆ రోజు ఏం జరిగిందో ఒక ముక్క, మళ్లీ వాయిదా ఏ రోజుకో. 2020 మార్చి దాకా ఆ మధ్య గడిలో రకరకాల మాటలుంటాయి. కౌంటరుకు, సాక్ష్యానికి, క్రాస్‌కు, వాదనలకు అని. ఆ తర్వాత చాలా కేసుల్లో నెలల తరబడి ఒకటే మాట: కోవిడ్ వల్ల వాయిదా. కేసులను విడివిడిగా పిలవకుండా మూకుమ్మడిగా తర్వాతి తేదీలకు తోసేశారు. ఊళ్లో ఉన్న కక్షిదారుకు ఆ తేదీ తెలియాలంటే ప్లీడరు గారి గుమస్తా ఫోనెత్తాలి. స్మార్ట్‌ఫోన్ ఉన్నవాడు సైటులో చూసుకున్నాడు. లేనివాడు కేసు ఉందో పోయిందో తెలియక బెంగపడ్డాడు.

అత్యవసరమైనవే వింటామన్నప్పుడు ఏది అత్యవసరమన్న ప్రశ్న ముందుకొస్తుంది. రిమాండు, బెయిలు, అక్రమ నిర్బంధంపై హెబియస్ కార్పస్, రేపో మాపో ఇల్లు కూల్చబోతున్నారన్న పిటిషన్ వంటివి ఆ జాబితాలోకి వచ్చాయి. మనోవర్తి, చెక్కు బౌన్సు, భాగపరిష్కార దావా, మోటారు ప్రమాద పరిహారం, డిక్రీ అమలుకు వేసే ఈపీ చాలా చోట్ల బయటే ఉండిపోయాయి. బెయిలు విషయంలో కూడా అందరిదీ ఒకే అభిప్రాయం కాదు. 2020 మార్చి చివర్లో రాజస్థాన్ హైకోర్టు సింగిల్ జడ్జి ఒకరు బెయిలు దరఖాస్తులను అత్యంత అత్యవసరాల కింద లిస్టు చేయొద్దన్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. ఇంకో చిక్కుంది. తన కేసు అత్యవసరమని కోర్టును ఒప్పించాలంటే ముందు ఆ మాట చెప్పుకునే దారి ఉండాలి. ఈమెయిల్‌లో మెమో పంపి, ఫోన్లో రిజిస్ట్రీని పట్టుకుని, లింకు తెప్పించుకోగల న్యాయవాది ఉన్నవారి అవసరమే ముందుగా అత్యవసరమైంది.

అందరికంటే ఎక్కువ నలిగింది రిమాండు ఖైదీలు. దోషులని తేలనివారు వీళ్లు. విచారణ ఆగితే వీళ్ల నిరీక్షణ గడిచేది సొంత ఇంట్లో కాదు, కిక్కిరిసిన బ్యారక్‌లో. ఈ ప్రమాదాన్ని సుప్రీంకోర్టు తొందరగానే గుర్తించింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఎ. బోబ్డే నాయకత్వంలోని ధర్మాసనం 2020 మార్చి 23న తనంతట తానే చేపట్టిన కేసులో ప్రతి రాష్ట్రంలోనూ ఒక హైపవర్ కమిటీ వేయమంది. శిక్ష పడ్డవారిలో ఎవరిని పెరోలుపై, విచారణలో ఉన్నవారిలో ఎవరిని మధ్యంతర బెయిలుపై వదలాలో ఆ కమిటీలు తేల్చాలి. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాలను అందుకు ఉదాహరణగా చూపింది. ఇలా చాలామంది బయటికొచ్చారు, జైళ్లు కొంత ఖాళీ అయ్యాయి. కానీ అరెస్టులు ఆగలేదు, విచారణలు మాత్రం ఆగాయి. ఒకవైపు తూము మూసి ఇంకోవైపు కాలువ వదిలినట్టయింది.

జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా డిసెంబరు చివరి రోజున తీసే జైలు లెక్కల్లో ఇది స్పష్టంగా కనబడుతుంది. 2019లో దేశంలోని జైళ్లలో విచారణ ఖైదీలు 3,30,487 మంది. 2020లో 3,71,848 మంది. 2021లో 4,27,165 మంది. మొత్తం ఖైదీల్లో వీరి వాటా 69 శాతం నుంచి 76కు, ఆపై 77కు పెరిగింది. అదే సమయంలో శిక్ష పడ్డ ఖైదీల సంఖ్య 2019లో ఉన్న 1.44 లక్షల నుంచి 2020లో సుమారు 1.12 లక్షలకు తగ్గింది. తీర్పులు రాకపోతే శిక్షలూ ఉండవు, నిర్దోషిగా విడుదలా ఉండదు. నేరం చేయనివాడు, చేసినవాడు ఒకే గదిలో, ఒకే వాయిదా కోసం ఎదురుచూశారు. 2021 చివరికి జైళ్లలో ఉండాల్సిన ప్రతి 100 మందికి 130 మంది ఉన్నారు.

బెయిలు వచ్చినంత మాత్రాన మనిషి బయటపడడు. కింది కోర్టుల్లో బెయిలంటే సాధారణంగా ఇద్దరు జామీనుదారులు. వాళ్ల ఆధార్ కార్డు, ఇంటి పన్ను రసీదు, కొన్ని చోట్ల తహసీల్దారు ఇచ్చే సాల్వెన్సీ సర్టిఫికెట్ కావాలి. వాళ్లే స్వయంగా మేజిస్ట్రేటు ముందు నిలబడి సంతకం చేయాలి. 2020 ఏప్రిల్‌లో బస్సుల్లేవు, రెవెన్యూ ఆఫీసులు కోవిడ్ పనుల్లో మునిగిపోయాయి, పక్క మండలం దాటాలంటే పాసు కావాలి. అలాంటప్పుడు పక్క ఊరి దొంగతనం కేసులో ఉన్నవాడికి జామీనుగా ఎవరొస్తారు? సొంత పూచీకత్తుపై వదిలేయమని, ష్యూరిటీలు తర్వాత పెట్టుకోవచ్చని కోర్టులు సడలింపు ఇచ్చిన చోట మనిషి ఇల్లు చేరాడు. ఇవ్వని చోట బెయిలు ఉత్తర్వు ఫైల్లో, మనిషి బ్యారక్‌లో ఉండిపోయారు. ములాఖత్‌లు ఆగిపోవడంతో ఇంటివాళ్లు డబ్బు, బట్టలు ఇచ్చే దారి కూడా పోయింది. కొత్తగా వచ్చిన ఖైదీని ముందు విడిగా క్వారంటైన్‌లో ఉంచేవారు. జైలు లోపల మరో జైలన్నమాట.

గడువు దాటినా చార్జిషీటు రాకపోతే ముద్దాయికి దక్కే డిఫాల్ట్ బెయిలు మీద కూడా వివాదం వచ్చింది. అప్పటి నేర విచారణ స్మృతిలోని సెక్షన్ 167 ప్రకారం పోలీసులు 60 రోజుల్లో, పెద్ద నేరాల్లో 90 రోజుల్లో దర్యాప్తు ముగించాలి. లేకపోతే బెయిలు కోర్టు దయ మీద ఆధారపడదు, హక్కవుతుంది. కోవిడ్ వల్ల గడువులన్నీ పొడిగించారు కాబట్టి ఈ గడువూ పెరిగినట్టేనని పోలీసుల తరఫు వాదన. మద్రాసు హైకోర్టులో ఒక న్యాయమూర్తి దీన్ని కాదన్నారు, కొద్ది రోజుల తేడాలో మరో న్యాయమూర్తి ఔనన్నారు. మదురై నుంచి వెళ్లిన ఆ రెండో కేసులో 2020 జూన్ 19న సుప్రీంకోర్టు తేల్చేసింది: గడువు పొడిగింపు కోర్టుకెళ్లే కక్షిదారు కోసం ఇచ్చింది, మనిషిని లోపల ఎక్కువ రోజులు ఉంచడానికి పోలీసులకిచ్చిన వెసులుబాటు కాదు. కాగితం మీది కాలానికీ ఒంటి మీది కాలానికీ ఉన్న తేడాను మొత్తం కోవిడ్ ఉత్తర్వుల్లో ఇంత సూటిగా పట్టుకున్నది ఈ తీర్పే.

పెరోలుపై బయటికొచ్చినవారి లెక్క ఇంకోలా ఉంది. రెండో వేవ్ రాగానే 2021 మే 7న సుప్రీంకోర్టు మొదటి విడతలో వదిలినవారిని మళ్లీ వదలమంది. జులై 16న, తదుపరి ఉత్తర్వులొచ్చేదాకా వాళ్లు లొంగిపోనక్కర్లేదంది. చివరికి 2023 మార్చి 24న, విడుదలైనవారంతా 15 రోజుల్లో లొంగిపోవాలని ఆదేశించింది. బయట గడిపిన ఆ రెండు మూడేళ్లు శిక్షలో భాగం కావని కూడా అదే ఏడాది తేలింది. ఇంట్లో ఉన్నంతకాలం ఊపిరి ఆడినా, శిక్ష మాత్రం మొదటి రోజు ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. కూలి పని వెతుక్కుని, పిల్లను బడిలో వేసి, మళ్లీ సంచి సర్దుకుని జైలు గేటు దగ్గరకు వెళ్లిన ఖైదీకి ఇది కొత్త శిక్షలాగే అనిపించి ఉంటుంది.

బెయిలు ఉత్తర్వు జైలుకు చేరే దారి ఎంత నత్తనడకో కూడా ఈ రోజుల్లోనే బయటపడింది. సుప్రీంకోర్టు బెయిలిచ్చినా ఆగ్రా జైల్లోని 13 మంది కొన్ని రోజులపాటు బయటికి రాలేకపోయారన్న వార్త చూసి, 2021 జులైలో ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ దాన్ని తానే కేసుగా చేపట్టారు. ధ్రువీకరించిన ఉత్తర్వు కాపీ చేతికి రావాలన్నది జైళ్ల పట్టు. ఆ కాపీని ఎలక్ట్రానిక్ పద్ధతిలో నేరుగా జైలుకు పంపే ‘ఫాస్టర్’ వ్యవస్థ 2022 మార్చి 31న మొదలైంది. అప్పటికి మూసివేత రోజులు దాదాపు అయిపోయాయి.

ఇక కాగితం మీది కాలం. సుప్రీంకోర్టు 2020 మార్చి 23నే మరో సుమోటో కేసులో, మార్చి 15 నుంచి అన్ని కోర్టుల్లో, ట్రిబ్యునళ్లలో దావాలు, అప్పీళ్లు, పిటిషన్ల కాలపరిమితిని పొడిగించింది. 2021 మార్చి 8న ముగించింది. రెండో వేవ్‌తో ఏప్రిల్ 27న మళ్లీ తెరిచింది. సెప్టెంబరు 23న, అక్టోబరు 2తో ఆఖరన్నది. 2022 జనవరి 10న మరోసారి తెరిచి తుది లెక్క చెప్పింది. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలం కాలపరిమితి లెక్కలో చేరదు. ఆ మధ్యలో గడువు తీరినవారికి 2022 మార్చి 1 నుంచి 90 రోజులు దొరుకుతాయి. అసలు మిగిలిన గడువు అంతకంటే ఎక్కువుంటే అదే వర్తిస్తుంది.

తెలుగు ఊళ్లలో ఈ ఉత్తర్వు ఎక్కువగా పనికొచ్చింది ప్రామిసరీ నోటు దగ్గర. నోటు రాసిన రోజు నుంచి మూడేళ్లలో దావా వేయాలి. లేదా ఈలోగా అప్పు తీసుకున్నవాడు ఎంతో కొంత కట్టి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెట్టాలి, అప్పుడు మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. 2017 మార్చి 20న రాసిన నోటు 2020 మార్చి 20తో కాలదోషం పడుతుంది. సరిగ్గా ఆ వారంలో ప్లీడరు ఆఫీసులు మూతపడ్డాయి, చెల్లు రాయించుకుందామంటే బాకీదారు గడప తొక్కనివ్వడు. మార్చి 15 నుంచి గడువు పొడిగించిన ఆ ఉత్తర్వు లేకపోతే ఆ అప్పు నీళ్లలో కలిసేది. దాని వల్ల ఆ నోటు మీద దావా వేసుకోవడానికి 2022 మే 29 దాకా వీలు దొరికింది. ఆ రోజు ఆదివారం, పైగా వేసవి సెలవులన్నది వేరే సంగతి. వారం ముందు, మార్చి 13నే గడువు తీరిన నోటు పట్టుకున్నవాడికి మాత్రం ఏమీ దక్కలేదు. వారం తేడాలో ఒకరికి రెండేళ్లు, ఒకరికి సున్నా. గీత ఎక్కడో గీయాల్సిందే కానీ, గీతకు అవతల పడ్డవాడికి ఆ మాట రుచించదు.

పొడిగింపు అన్నిటికీ వర్తించలేదు. చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలల్లో బ్యాంకులో వేయాలన్నది రిజర్వు బ్యాంకు పెట్టిన గడువు కాబట్టి దాని జోలికి తాము వెళ్లబోమని సుప్రీంకోర్టు 2020 జులై 10న చెప్పింది. చెక్కు బౌన్సయ్యాక కోర్టులో ఫిర్యాదు చేసే గడువు పెరిగింది, చెక్కు ప్రాణం మాత్రం పెరగలేదు. సమన్లు, నోటీసులు ఈమెయిల్‌తోపాటు వాట్సాప్‌లోనూ పంపవచ్చని అనుమతించింది కూడా ఆ రోజే. ఇంకోచోట, చట్టం ఇచ్చిన మూల గడువుకే పొడిగింపు తప్ప, తగిన కారణం చూపిస్తే కోర్టు దయతలచి ఇవ్వగల అదనపు రోజులకు వర్తించదని 2020 సెప్టెంబరులో తీర్పిచ్చింది. గడువు ఆగిందని తలచి నిశ్చింతగా ఉన్న కొందరికి ఇది పిడుగుపాటే.

మధ్యంతర ఉత్తర్వుల విషయంలో సంగతి తలకిందులైంది. స్టేలు, ఇంజంక్షన్లు మామూలుగా ఒక తేదీ దాకానే ఉంటాయి. ఆ రోజు కోర్టు లేకపోతే అవి గాలిలో కలిసిపోతాయి. అలా జరగకుండా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హైకోర్టులు సహా దేశంలోని పలు హైకోర్టులు తమ పరిధిలోని మధ్యంతర ఉత్తర్వులన్నిటినీ ఒక్క దెబ్బతో పొడిగించాయి. బెయిళ్లను కూడా. ఖాళీ చేయించే ఉత్తర్వుల అమలును ఆపాయి. ఇల్లు ఖాళీ చేయమని డిక్రీ పడ్డ కిరాయిదారుకు, కూల్చివేత నోటీసందిన గుడిసెవాసికి ఇది ప్రాణదానం. కానీ స్టేకు ఇద్దరుంటారు. తన భూమిలో అక్రమంగా గోడ కట్టినవాడు తెచ్చుకున్న స్టేను ఎత్తేయించాలని వాయిదాకు ఎదురుచూస్తున్నవాడికి అదే ఉత్తర్వు రెండేళ్ల ఉరి.

ఆలస్యం ఎవరికి లాభమన్నది డబ్బు లెక్కలో ఇంకా తేటగా తెలుస్తుంది. 1 లక్ష రూపాయలకు డిక్రీ వచ్చిన ఒక మనిషి ఈపీ వేశాడనుకుందాం. వ్యాపార లావాదేవీ కాని డిక్రీలపై ఆపై వచ్చే వడ్డీ సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 34 ప్రకారం ఏడాదికి 6 శాతం మించదు. రెండేళ్లలో 12 వేలు. ఈలోపు కూతురి పెళ్లికో ఆస్పత్రికో అతనే రెండు రూపాయల వడ్డీకి 1 లక్ష తెచ్చుకుంటే రెండేళ్లకు 48 వేలు కట్టాలి. అమీనా జప్తుకు వెళ్లలేదు, వేలం జరగలేదు, ఈపీ కదల్లేదు. ఆ తేడా 36 వేలు అతని నెత్తిన పడింది. బాకీదారుకు మాత్రం ఊళ్లో ఎక్కడా దొరకనంత చవక అప్పు దొరికినట్టయింది. మోటారు ప్రమాదంలో సంపాదించే మనిషిని పోగొట్టుకున్న కుటుంబం బీమా కంపెనీ నుంచి పరిహారం కోసం చూసినా పరిస్థితి ఇదే. కంపెనీ తట్టుకోగలదు, కుటుంబం తట్టుకోలేదు.

కుటుంబ వివాదాల్లో నెలే కొలమానం. మనోవర్తి ఉత్తర్వు ఉన్న భార్యకు కూడా, భర్త కట్టకపోతే వసూలు చేయడానికి మళ్లీ కోర్టే దిక్కు. జీతం కోతపడిందని భర్త అన్నప్పుడు నిజమో కాదో తేల్చేవాళ్లు లేరు. గృహహింస చట్టం మొదటి విచారణ మూడు రోజుల్లో, మొత్తం దరఖాస్తు 60 రోజుల్లో తేల్చాలని ఆశిస్తుంది. మామూలు రోజుల్లోనే అందని ఆ గడువు లాక్‌డౌన్‌లో మాటకు కూడా రాలేదు. కొట్టే మనిషితో ఒకే గదిలో చిక్కుకున్న స్త్రీకి కోర్టు సంగతటుంచి, ఫోన్ చేయడమే కష్టమైంది. జాతీయ మహిళా కమిషన్ 2020 ఏప్రిల్‌లో ప్రత్యేకంగా వాట్సాప్ నంబరు పెట్టింది ఇందుకే. ఈ విభాగంలో కాస్త ఊరటనిచ్చింది 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. మనోవర్తిని ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి కాకుండా దరఖాస్తు చేసిన రోజు నుంచి ఇవ్వాలని అది దేశమంతటికీ ఒకే నియమం చేసింది. కోవిడ్ కోసం వచ్చిన తీర్పు కాకపోయినా, కోర్టు ఆలస్యపు భారాన్ని దరఖాస్తు పెట్టినామె మీద నుంచి తీసింది.

పిల్లల విషయంలో అలాంటి సర్దుబాటుకు వీల్లేదు. వారానికోసారి కోర్టు ప్రాంగణంలోనో, ఒక పార్కులోనో పిల్లను చూసుకోమని ఉత్తర్వున్న తండ్రికి ఆ పార్కే మూతపడింది. కలవడం కుదరకపోతే వీడియోలో మాట్లాడించమని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ చివర్లో సూచించింది. మూడేళ్ల పిల్లను ఫోన్ ముందు పది నిమిషాలు కూర్చోబెట్టడం ఎంత పనో ఇంట్లో పిల్లలున్నవారికి చెప్పనక్కర్లేదు. ఫోన్ పట్టుకునేది కూడా అవతలి పక్షమే.

బెయిలుపై బయటున్న ముద్దాయిలు, బయటికి చూస్తే మామూలుగా ఉన్నవాళ్లు, మరో రకంగా చిక్కుకున్నారు. క్రిమినల్ కేసు నడుస్తున్న ప్రభుత్వోద్యోగి రిటైరైతే తాత్కాలిక పెన్షనే వస్తుంది, గ్రాట్యుటీ ఆగుతుంది. నిర్దోషినని తేలడం రెండేళ్లు ఆలస్యమైతే ఆ డబ్బూ రెండేళ్లు ఆలస్యం. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఇక్కడ వైవాహిక కేసులో హాజరు కావాల్సిన తెలుగువారికి విమానాలు లేవు. కేసు కోసం వచ్చినవారు ఇక్కడే ఇరుక్కుపోయారు, అక్కడి ఉద్యోగం, వీసా గడువు మీద బెంగ. రాలేనివారు వారంటు పడుతుందేమోనని భయపడ్డారు. సాక్షుల సంగతి మరీ లోతైనది. 2018లో చూసిన ప్రమాదం గురించి 2022లో బోనెక్కి చెప్పే మనిషి లారీ ఎటునుంచి వచ్చిందో తడబడతాడు. క్రాస్‌లో ఆ తడబాటే అనుమానమవుతుంది. పోక్సో చట్టం పిల్లల వాంగ్మూలం 30 రోజుల్లో నమోదు చేయాలని, విచారణ వీలైనంతవరకు ఏడాదిలో ముగించాలని అంటుంది. రెండేళ్లు పెద్దదైన పిల్లను ఆ చేదు మళ్లీ తలుచుకోమనడం ఆలస్యం తెచ్చిన రెండో గాయం.

కొందరు కక్షిదారులు కేసు తేలేలోపే పోయారు. వాది గానీ ప్రతివాది గానీ చనిపోతే 90 రోజుల్లో వారసులను రికార్డులోకి తేవాలి. లేకపోతే వారి మేరకు దావా వీగిపోతుంది. కాలపరిమితి పొడిగింపు ఈ గడువునూ కాపాడింది. అయితే 2021 ఏప్రిల్, మే నెలల్లో ప్లీడర్లు కూడా పోయారు. కొత్త వకాల్తా ఎవరికివ్వాలో, పాత ఫైలు ఎవరింట్లో ఉందో, అసలు నోటు, అసలు దస్తావేజు ఏ బీరువాలో ఉన్నాయో తెలియక వెతుక్కున్న కక్షిదారులకు ఏ పొడిగింపూ దారి చూపలేదు.

వీడియో విచారణకు చట్టబద్ధత ఇచ్చింది 2020 ఏప్రిల్ 6 ఉత్తర్వు. రాజ్యాంగం 142వ అధికరణం కింద తనకున్న అసాధారణ అధికారాన్ని వాడి సుప్రీంకోర్టు, తెర మీద జరిగిన విచారణలన్నీ చెల్లుతాయంది. వసతి లేని కక్షిదారులకు కోర్టే వసతి చూపాలని, ఉభయపక్షాలూ ఒప్పుకోకపోతే వీడియోలో సాక్ష్యం నమోదు చేయొద్దని కూడా అంది. ఈ చివరి మాటే కింది కోర్టుల గతిని తేల్చేసింది. హైకోర్టులో, సుప్రీంకోర్టులో పని ఎక్కువగా వాదన. అది తెర మీద నడుస్తుంది. కింది కోర్టులో పనంటే సాక్ష్యం, డాక్యుమెంట్లు మార్కు చేయడం, సంతకం పోల్చి చూడటం. ఒప్పుకుంటే ఓడిపోతామనుకున్న పక్షం ఎందుకు ఒప్పుకుంటుంది? అందుకే పైకోర్టులు నడిచాయి, దేశంలో ఎక్కువ కేసులున్న కింది కోర్టులు నిలబడిపోయాయి.

2020 సెప్టెంబరులో పార్లమెంటు స్థాయీ సంఘం వర్చువల్ కోర్టులపై ఇచ్చిన 103వ నివేదికలో మూడు రకాల అంతరాల గురించి మాట్లాడింది: పరికరం లేకపోవడం, నెట్ అందకపోవడం, వాడటం రాకపోవడం. పాడేరు, ఉట్నూరు వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో సిగ్నల్ కోసం గుట్టెక్కాల్సిన పల్లెలకు మొదటి రెండూ వర్తిస్తాయి. పట్నంలో ముప్పై ఏళ్లు ప్రాక్టీసు చేసి, నోటితో తప్ప మౌసుతో పనిలేని సీనియర్ ప్లీడరుకు మూడోది. ఉత్తరాఖండ్ 2021 ఆగస్టులో సాక్షుల ఊరికే వెళ్లే ఈ-కోర్టు వ్యాన్లు మొదలుపెట్టింది. ఆలోచన మంచిదే, ఊళ్ల సంఖ్యతో పోలిస్తే వ్యాన్లు తక్కువ. లాభపడ్డవారూ ఉన్నారు. విజయవాడ కక్షిదారు ఢిల్లీకి రైలెక్కకుండా తన కేసు విన్నాడు. 2020 అక్టోబరు 26న గుజరాత్ హైకోర్టు విచారణలను యూట్యూబ్‌లో చూపడం మొదలుపెట్టాక కోర్టులో ఏం జరుగుతుందో సామాన్యుడు ఇంట్లో కూర్చుని చూడగలిగాడు.

కోర్టు ఆవరణ మీద బతికేవారి కష్టం కక్షిదారు మీదా పడింది. జూనియర్లు, గుమస్తాలు, టైపిస్టులు, దస్తావేజు లేఖరులు, స్టాంపు వెండర్లు రోజు రాబడి మీద ఉండేవారు. ఆంధ్రప్రదేశ్‌లో జూనియర్ న్యాయవాదులకు నెలకు 5,000 రూపాయలిచ్చే లా నేస్తం పథకం 2019 డిసెంబరు 3నే మొదలవడంతో కొందరికి ఆసరా దొరికింది. గుమస్తాలకు అలాంటిదేమీ లేదు. గుమస్తా సొంతూరికి పోయాక అఫిడవిట్ కొట్టేవాడు, ఫైలు తీసేవాడు లేక ప్లీడరు ఆఫీసే ఆగిపోయింది.

రాజీలు కాస్త నడిచాయి. ఛత్తీస్‌గఢ్ 2020 జులై 11న తెర మీద లోక్ అదాలత్ పెట్టింది, తర్వాత మిగతా రాష్ట్రాలూ అందుకున్నాయి. ప్రమాద పరిహారాలు, చెక్కు కేసులు చాలా వాటిలో తేలాయి. అయితే డబ్బు తక్షణం కావాల్సినవాడు తగ్గి ఒప్పుకున్న రాజీ ఎంత, న్యాయంగా కుదిరిన రాజీ ఎంత అన్నది లెక్కల్లో విడిగా కనబడదు.

ఇంగ్లండులో కూడా ఇలాంటి ఒత్తిడే వచ్చింది. జ్యూరీ విచారణకు 12 మంది ఒక గదిలో కూర్చోవాలి కాబట్టి క్రౌన్ కోర్టులు ఇబ్బందిపడ్డాయి. 2020 ఆరంభంలో 40 వేల దగ్గరున్న పెండింగ్ 2021 మధ్యకల్లా 60 వేలకు చేరింది. థియేటర్లు, హోటళ్లు అద్దెకు తీసుకుని నైటింగేల్ కోర్టులు నడిపారు. విచారణ మొదలయ్యేదాకా ముద్దాయిని కస్టడీలో ఉంచగల గడువును 2020 సెప్టెంబరులో 182 రోజుల నుంచి 238 రోజులకు పెంచారు. భారత సుప్రీంకోర్టు మదురై కేసులో పొడిగించడానికి ఒప్పుకోనిది దర్యాప్తు గడువు, ఇంగ్లండు పొడిగించింది విచారణ గడువు. రెండూ ఒకటి కావు గానీ, మూసివేత ఖర్చును నిర్బంధంలో ఉన్నవాడి రోజుల్లోంచి తీసుకోవచ్చా అన్న ప్రశ్న ఒకటే.

భారతదేశంలో కింది కోర్టుల పెండింగ్ 2020 ఆరంభంలో సుమారు 3.2 కోట్లు. 2022 నాటికి 4 కోట్లు దాటింది. ఈ భారమంతా కోవిడ్‌దే అనడం సరికాదు. చెక్కు బౌన్సు కేసులే 2019 చివరికి 35.16 లక్షలున్నాయి, దేశంలో పెండింగ్‌లో ఉన్న 2.31 కోట్ల క్రిమినల్ కేసుల్లో అవి పెద్ద పాయ. జడ్జీల ఖాళీలూ పాతవే. 2021 జూన్‌లో తెలంగాణ హైకోర్టు న్యాయమూర్తుల సంఖ్యను 24 నుంచి 42కు పెంచింది కూడా ఆ పాత కొరతను చూసే. కోర్టులు తెరిచాక కొత్త కేసులు, బెయిళ్లు ముందు వరసలో నిలిచాయి. రెండేళ్లు ఆగిన పాత దావా మళ్లీ సాక్ష్యం దశ దగ్గర నుంచే మొదలైంది. మధ్యలో జడ్జి బదిలీ అయితే వాదనలు మొదటి నుంచి వినిపించాల్సి వచ్చింది.

కాలపరిమితి ఉత్తర్వుల ఛాయ ఇంకా తొలగలేదు. డిక్రీ అమలుకు చట్టం ఇచ్చే గడువు 12 ఏళ్లు. 2020 ఫిబ్రవరి 10న వచ్చిన డిక్రీకి మామూలుగా ఆ గడువు 2032 ఫిబ్రవరిలో ముగుస్తుంది. మినహాయించిన 716 రోజులు కలిపితే 2034 జనవరి చివరి దాకా వస్తుంది. ఆ రోజుల్లో ఈపీ రాసే ప్లీడరు గడువు పేరాలో ‘2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు’ అన్న ముక్క తప్పక చేరుస్తాడు.